నలభై దాటిన చేతిలో కంట్రోలర్

1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలను చూడటానికి బయటి జనాన్ని రానిచ్చారు. ఇలాంటి సందర్శన రోజుల్లో గోడల మీద ఫొటోలు, గాజు పెట్టెల్లో పరికరాలు చూసి జనం విసుగెత్తిపోతున్నారని విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త గమనించాడు. యుద్ధకాలంలో అణుబాంబుకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాల మీద పనిచేసిన మనిషి ఆయన. ఆ తర్వాత అణ్వాయుధాలు పెరగకుండా చూడాలని ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. ఆ అక్టోబరులోనే ఆయనకు నలభై ఎనిమిదేళ్లు నిండబోతున్నాయి. విద్యుత్ తరంగాలను గీతలుగా చూపించే ఆసిలోస్కోపు అనే పరికరం తెర మీద ఒక గీత నేల, ఇంకో గీత వల, ఒక చుక్క బంతి. చేతిలో తిప్పడానికి ఒక గుబ్బ, నొక్కడానికి ఒక బటన్. అలా ఇద్దరు ఆడుకునే టెన్నిస్ ఒకటి తయారుచేసి పెట్టాడు. తెర అడ్డంగా అయిదు అంగుళాలే. అయినా జనం వందల సంఖ్యలో వరుస కట్టారు.

"ఇంత వయసొచ్చి ఈ ఆటలేమిటి?" అనే మాట వినని పెద్ద వయసు గేమర్ అరుదు. భార్యో, భర్తో, తల్లిదండ్రులో, ఆఫీసులో పక్క సీటువాళ్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది: వీడియో గేమ్ పిల్లల వస్తువు, దాన్ని పెద్దలు అరువు తెచ్చుకున్నారు అని. చరిత్ర చూస్తే జరిగింది దాదాపు దానికి తలకిందులు. 1962లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలిసి "స్పేస్‌వార్" రాశారు. అది నడిచిన పీడీపీ-1 కంప్యూటర్ ఖరీదు అప్పట్లోనే లక్ష డాలర్లు దాటింది. దాని దరిదాపులకు పిల్లలు వచ్చే ప్రశ్నే లేదు. పదేళ్ల తర్వాత, 1972లో, అటారీ కంపెనీ తన "పాంగ్" యంత్రాన్ని మొదటిసారి జనంలో పెట్టింది కాలిఫోర్నియాలోని ఒక బార్‌లో. కొద్ది రోజులకే యంత్రం పనిచేయడం లేదని ఫిర్యాదు వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంజినీరు అలన్ ఆల్కార్న్ వెళ్లి తెరిచి చూస్తే, నాణేల డబ్బా నిండి పొర్లిపోయి ఉంది. ఆ నాణేలు వేసినవాళ్లు సాయంత్రం పని దిగి వచ్చిన పెద్దలు.

మరి పిల్లల వస్తువనే ముద్ర ఎక్కడిది? 1983లో అమెరికాలో గేముల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం గేములు గుట్టలుగా వచ్చిపడ్డాయి, దుకాణాలవాళ్లకు ఆ పేరంటేనే భయం పట్టుకుంది. 1985లో జపాన్ కంపెనీ నింటెండో అక్కడ కాలు పెట్టినప్పుడు తన యంత్రాన్ని వీడియో గేమ్ అని చెప్పుకోకుండా జాగ్రత్తపడింది. దానికి ఒక చిన్న ప్లాస్టిక్ రోబోను జతచేసి, బొమ్మగా చూపించి అమ్మింది. ఆ ఎత్తు పారింది. గేములు బొమ్మల వరుసలోకి చేరాయి, ప్రకటనల్లో పిల్లలే కనిపించారు, ఒక తరం మొత్తం ఆ బొమ్మలతోనే పెరిగింది. అంటే ఆ ముద్రను వేసింది ఆట స్వభావం కాదు, నలభై ఏళ్ల కిందటి ఒక అమ్మకపు ఉపాయం. 1985లో పదేళ్లున్న పిల్లకో పిల్లాడికో ఇప్పుడు యాభై నిండాయి. వాళ్లలో చాలామంది ఆడటం మానలేదు. అమెరికాలో పరిశ్రమ సంఘం ఏటా వేసే లెక్కల్లో ఆడేవారి సగటు వయసు చాలాకాలంగా ముప్పై దాటే ఉంటోంది.

పైగా ఆడుతున్నామని ఒప్పుకోని పెద్దల సంఖ్య తక్కువేమీ కాదు. ఫోన్‌లో రంగు రంగుల మిఠాయిలను మూడేసి జతచేసేవాళ్లు, రాత్రి పడుకునే ముందు ఒక పదాల పజిల్ పూర్తి చేసేవాళ్లు, బస్సులో కూర్చుని పేకముక్కలు సర్దేవాళ్లు తమను తాము గేమర్లుగా అనుకోరు. ఆ పేరు వినగానే వాళ్లకు గుర్తొచ్చేది హెడ్‌ఫోన్లు పెట్టుకుని అరిచే కుర్రాడు. కానీ వాళ్లు చేస్తున్నదీ ఆడటమే. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిత్నోవ్, పై నుంచి పడే ముక్కలను సందు లేకుండా అమర్చే "టెట్రిస్" తయారుచేసినప్పుడు దానికి మొదట అలవాటుపడినవాళ్లు ఆయన తోటి ఉద్యోగులే. 1989లో నింటెండో తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ యంత్రంతో పాటు ఏ గేమ్ ఇవ్వాలన్న చర్చ వచ్చినప్పుడు, మగపిల్లలు కొంటే చాలనుకుంటే మారియో ఇవ్వండి, అందరూ కొనాలంటే టెట్రిస్ ఇవ్వండి అని టెట్రిస్ హక్కుల కోసం తిరిగిన గేముల వ్యాపారి హెంక్ రోజర్స్ వాదించి గెలిచాడు. ఆ వాదన ఎంత సరైనదో ఇవాళ ప్రతి ఫోనూ చెబుతుంది.

ఇక అసలు సంగతి: పెద్దలు ఎందుకు ఆడతారు? "టైంపాస్" అన్న జవాబు అడిగినవాళ్ల నోరు మూయించడానికి పనికొస్తుంది గానీ నిజం చెప్పదు. కాలక్షేపానికి టీవీ ఉంది, ఫోన్‌లో వీడియోలున్నాయి. అవి ఇంకా సులువు కూడా. చేతులు, కళ్లు, బుర్ర మూడూ ఒకేసారి పెట్టాల్సిన పనిని అలసిపోయిన మనిషి కోరి ఎంచుకుంటున్నాడంటే దానికో కారణం ఉండాలి.

ఆ కారణం చాలావరకు పెద్దల పనిలోనే ఉంది. ఇంటి పనికి అంతం లేదు. తోమిన గిన్నెలు రేపు మళ్లీ తోమాలి. ఆఫీసు పనిలో ఎవరు ఎంత చేశారో, ఎవరికి పేరొచ్చిందో తేలదు. మంచిగా చేసిన పనికి ఫలితం ఆరు నెలలకు కనిపించవచ్చు, అసలు కనిపించకపోనూ వచ్చు. గేమ్‌లో అలా కాదు. ఏం చేయాలో స్పష్టంగా ఉంటుంది, చేస్తే వెంటనే తెలుస్తుంది, తప్పితే కారణం కళ్లెదుటే ఉంటుంది, మళ్లీ ప్రయత్నించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రిచర్డ్ రయాన్, స్కాట్ రిగ్బీ, ఆండ్రూ షిబిల్స్కీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన పనిలో దీన్ని మూడు అవసరాలుగా చూశారు. చేతనైందన్న తృప్తి, తన నిర్ణయం తనదేనన్న స్వేచ్ఛ, మరొకరితో ముడిపడి ఉన్నామన్న భావన. ఈ మూడూ ఏ మనిషికైనా కావాలి. ఉద్యోగంలో రెండోది కరువైన మనిషి రాత్రి పదకొండింటికి ఒక ఊహాలోకంలో తన ఇష్టమొచ్చిన దారిన నడిచి వెళ్తుంటే, ఏ కొండెక్కాలో తానే నిర్ణయించుకుంటుంటే, దాన్ని పిల్లచేష్ట అనడం అన్యాయం.

ఓడిపోవడం గురించీ ఒక మాట చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ తప్పు చేయడం ఖరీదైపోతుంది. ఉద్యోగంలో తప్పు చేస్తే జీతం మీదికి వస్తుంది, ఇంట్లో చేస్తే పిల్లల మీదికి వస్తుంది. అందుకే పెద్దలు తెలియని పనిలో చేయిపెట్టడమే మానేస్తారు. గేమ్ దగ్గర ఓడటం మాత్రం ఖర్చులేని పని. ఒకే శత్రువు చేతిలో ముప్పైసార్లు చచ్చి, ముప్పై ఒకటోసారి గెలిచేటప్పుడు మనిషి ఏదో నేర్చుకునే స్థితిలో ఉంటాడు. నలభై ఏళ్ల వయసులో ఆ స్థితి ఇంకెక్కడ దొరుకుతుందో వెతికితే పెద్దగా చోట్లు కనిపించవు.

మూడో అవసరం, మరొకరితో ముడిపడటం, బయటివాళ్లకు అసలు కనిపించనిది. పెళ్లిళ్లయి, ఊళ్లు మారి, పిల్లలు పుట్టాక పాత స్నేహాలు పండగ శుభాకాంక్షల వరకు వచ్చి ఆగిపోతాయి. మూడు దేశాల్లో ఉన్న నలుగురు స్నేహితులు ప్రతి శనివారం రాత్రి ఒకే గేమ్‌లో కలుస్తున్నారంటే, వాళ్లు ఆడుతున్న ఆట కంటే ఆ మధ్యలో నడిచే కబుర్లే ముఖ్యం. ఒకరి ప్రమోషన్ సంగతి, ఇంకొకరి నాన్న ఆపరేషన్ సంగతి అక్కడే బయటికొస్తాయి. "ఏంటి సంగతులు" అని ఫోన్ చేస్తే పది నిమిషాలకు మాటలు అయిపోతాయి. చేతిలో ఒక పని ఉంటే రెండు గంటలైనా అయిపోవు.

నార్వేలో కండరాలు క్షీణించే జబ్బుతో ఒక యువకుడు 2014లో, పాతికేళ్ల వయసులో చనిపోయాడు. చివరి ఏళ్లలో ఎక్కువ కాలం, వేర్వేరు దేశాలవాళ్లు ఆన్‌లైన్‌లో కలిసి ఆడే "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" ఆడుతూ గడిపాడు. తమ బిడ్డ స్నేహమంటే ఏమిటో తెలియకుండానే వెళ్లిపోయాడని తల్లిదండ్రులు బాధపడ్డారు. అతని బ్లాగులో మరణవార్త పెట్టాక వేర్వేరు దేశాల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. అతను తమ కష్టాలు విన్నాడని, ధైర్యం చెప్పాడని అందులో రాశారు. కొందరు అంత్యక్రియలకు విమానాలెక్కి వచ్చారు. ఆ గదిలో తెర ముందు ఏం జరుగుతోందో పక్క గదిలో ఉన్నవాళ్లకు అంతవరకు తెలియదు.

గేములు బుర్రకు మంచివని నిరూపించే పరిశోధనలను పెద్ద వయసు గేమర్లు తరచుగా చూపిస్తుంటారు. వాటిలో గట్టివి ఉన్నాయి. గేములు ఆడే అలవాటున్న సర్జన్లు కెమెరా సాయంతో చేసే ఆపరేషన్ల శిక్షణలో తక్కువ తప్పులు చేశారని 33 మంది వైద్యుల మీద జరిగి 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెప్పింది. అయితే చేతి నేర్పు ఉన్నవాళ్లే గేముల వైపు వెళ్లి ఉండవచ్చు కూడా. మనస్తత్వ పరిశోధకురాలు ఎమిలీ హోమ్స్ బృందం ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రి అత్యవసర విభాగంలో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. రోడ్డు ప్రమాదం జరిగి ఆరు గంటలు దాటకముందే, ఆ ఘటనను క్లుప్తంగా గుర్తు చేయించి, సుమారు 20 నిమిషాలు టెట్రిస్ ఆడించారు. ఆ తర్వాతి వారంలో ప్రమాద దృశ్యాలు వాళ్ల మనసులోకి చొరబడటం, టెట్రిస్ ఆడని రోగులతో పోలిస్తే 62 శాతం తగ్గింది. దృశ్యాన్ని జ్ఞాపకంగా గట్టిపరిచే శక్తిని ఆ ముక్కల అమరిక లాగేసుకుంటుందని వాళ్ల వివరణ.

ఇవన్నీ విలువైన సంగతులే. కానీ వీటిని సంజాయిషీగా వాడటం మాత్రం అనవసరం. సంగీతం వినేవాళ్లను రక్తపోటు ఎంత తగ్గిందని ఎవరూ అడగరు. చదరంగం ఆడే అరవై ఏళ్ల మనిషి దాని లాభాల పట్టిక జేబులో పెట్టుకుని తిరగడు. ఆనందం కోసం ఆడుతున్నాననే మాట పెద్దల నోట కూడా చాలినంత జవాబే.

అసలు చర్చ జరగాల్సింది సమయం దగ్గర. పిల్లాడి మధ్యాహ్నం ఒకే పొడవాటి ముక్క. పెద్దవాళ్ల రోజు చిరిగిపోయి ఉంటుంది. ఇక్కడ ఇరవై నిమిషాలు, అక్కడ నలభై, అదీ ఏ క్షణాన ఎవరు పిలుస్తారో తెలియదు. అందువల్ల పెద్దలకు ఒక గేమ్ మంచిదో కాదో తేల్చే మొదటి పరీక్ష బొమ్మల నాణ్యతా కాదు, కథా కాదు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి లేవగలమా? పాజ్ బటన్, ఎప్పుడైనా సేవ్ చేసుకునే వీలు, ఆపిన చోటే మళ్లీ తెరుచుకునే సదుపాయం వినడానికి చిన్న విషయాలు. కానీ చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అవే ఆట సాగుతుందో లేదో నిర్ణయిస్తాయి.

దీనికి ఎదురుగా ఆన్‌లైన్ టీమ్ గేములు నిలబడతాయి. చాలావాటిలో జట్టుకు అయిదుగురు, ఒక్కో మ్యాచ్ ముప్పై, నలభై నిమిషాలు. మధ్యలో లేస్తే మిగతా నలుగురూ ఓడిపోతారు, లేచినవాళ్ల మీద జరిమానా పడుతుంది. ఇంట్లోవాళ్లు పిలిస్తే లోపలి నుంచి "ఒక్క నిమిషం" అని జవాబు వస్తుంది, ఆ నిమిషం అరగంట అవుతుంది. ఇళ్లలో గేముల మీద వచ్చే గొడవలు చాలావరకు ఈ ఒక్క నిమిషం మీదే వస్తాయి. ఆడే మనిషి ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పాలనుకోలేదు. కాకపోతే ఆ అరగంటను ఇంటి పిలుపు రాకముందే అవతల నలుగురికి మాటిచ్చేశాడు. ఈ సంగతి ముందే చెప్పుకున్న ఇళ్లలో, అంటే "తొమ్మిదిన్నర నుంచి పదిన్నర వరకు లేవలేను" అని రోజు మొదట్లోనే మాట్లాడుకున్న చోట, సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ గంటకు బదులుగా ఇంకో గంట ఇంటి భారాన్ని తాను మోయాలన్నది కూడా ఆ మాటలో భాగమే. అది లేకపోతే భాగస్వామి కోపానికి కారణం గేమ్ అనుకోవడం తప్పు.

ఇంకో రకం ఉంది, దీని గురించి గట్టిగానే చెప్పాలి. ఉచితంగా దొరికి, రోజూ రమ్మని పిలిచే గేములు. ఈ రోజు లాగిన్ అయితే ఒక కానుక, ఏడు రోజులు వరుసగా వస్తే పెద్ద కానుక, ఒక రోజు మానితే లెక్క మళ్లీ మొదటికి. కొన్ని వారాల సీజన్‌లో ఆడేకొద్దీ ఒక్కో కానుక ఇచ్చే టికెట్ లాంటిది బ్యాటిల్ పాస్; సీజన్ ముగిసేలోగా పూర్తి చేయకపోతే, డబ్బు పెట్టి కొన్నా అందులో మిగిలినవి పోతాయి. ఇక్కడ ఆట తన రుచితో పిలవడం మానేసి, పోతుందన్న భయంతో పిలుస్తుంది. లోపల ఏముందో తెలియకుండా డబ్బు కట్టి తెరిచే లూట్ బాక్సులు ఇంకో మెట్టు పైన ఉంటాయి. బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లో కొన్ని ప్రసిద్ధ గేముల్లోని లూట్ బాక్సులను జూదంగానే లెక్కకట్టింది. ఈ గేముల ఆదాయం అందరి నుంచీ సమానంగా రాదు. చాలామంది పైసా పెట్టరు, కొద్దిమంది విపరీతంగా పెడతారు. ఆ కొద్దిమందిలో సొంత కార్డు, సొంత జీతం ఉండి, "ఇక చాలు" అని చెప్పే మనిషి పక్కన లేని పెద్దలుంటారు.

చట్టాలు మాత్రం ఇప్పటివరకు ఎక్కువగా పిల్లల వైపే చూశాయి. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్లలోపు వాళ్లకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు ఆన్‌లైన్ గేములు బంద్ చేసింది, పదేళ్లు నడిపి ఎత్తేసింది. చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆది వారాల్లోనూ సెలవుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు మాత్రమే అనుమతి ఇచ్చింది. గేమ్ డబ్బా మీద 18 అని రాసి ఉంటే అందులో రక్తం ఎంతుందో, బూతు ఎంతుందో తెలుస్తుంది. పెద్దలకు వాటితో పెద్ద ఇబ్బంది లేదు. ఆ ఆట రోజుకెంత సమయం అడుగుతుందో, ఆపితే ఏం శిక్ష వేస్తుందో డబ్బా మీద ఉండదు. వాళ్లకు నిజంగా తెలియాల్సింది అదే.

వ్యసనం అన్న మాట కూడా తూకం వేసి వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో "గేమింగ్ డిజార్డర్" ఉంది. దానికి పెట్టిన గుర్తుల్లో ఇన్ని గంటలని ఎక్కడా లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితమంతా ఆట వెనక్కి పోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగడం అవసరం. వారాంతంలో ఆరు గంటలు ఆడి సోమవారం పొద్దున్నే పనికి వెళ్లే మనిషి ఈ లెక్కలోకి రాడు. ఉద్యోగం పోతున్నా, నిద్ర కరువవుతున్నా, అప్పులవుతున్నా లేవలేని మనిషి వస్తాడు. ఆ మనిషికి కావలసింది వైద్య సహాయం, వెక్కిరింపు కాదు.

గంటల లెక్క ఎంత బలహీనమైనదో ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ 2022లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. ఏడు గేముల నుంచి దాదాపు 39 వేల మందిని తీసుకున్నారు. ఎన్ని గంటలు ఆడారని వాళ్లనే అడగకుండా, వాళ్ల అనుమతితో కంపెనీల నుంచి అసలు లెక్కలు తెచ్చుకుని ఆరు వారాలు గమనించారు. ఆడిన సమయం వల్ల మనసు బాగోగుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మామూలు కంటే రోజుకు పది గంటలు అదనంగా ఆడితే తప్ప తేడా తెలియదని వాళ్ల అంచనా. తేడా కనిపించిన చోటు వేరే ఉంది. ఇష్టమై ఆడుతున్నామన్నవాళ్లు బాగున్నారు, ఆడక తప్పడం లేదన్నవాళ్లు అంత బాగా లేరు. రోజువారీ కానుకలతో పిలిచే గేముల్లో ఎన్ని మొదటి రకాన్ని పెంచుతాయో, ఎన్ని రెండో రకాన్ని తయారుచేస్తాయో తయారీదార్లకు బాగా తెలుసు. ఆ లెక్కలు వాళ్ల దగ్గరే ఉన్నాయి.

వయసు ఆటనూ మారుస్తుంది. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 16 నుంచి 44 ఏళ్ల మధ్య 3,305 మంది వేగంగా ఎత్తులు వేస్తూ యుద్ధం నడిపే "స్టార్‌క్రాఫ్ట్ 2" ఎలా ఆడారో పరిశీలించి 2014లో ఒక పత్రం ప్రచురించారు. కొత్త దృశ్యం కంటపడ్డాక చేయి కదలడానికి పట్టే సమయం 24వ ఏటి నుంచే పెరగడం మొదలవుతుందని తేలింది. వినగానే బాధ కలిగించే సంఖ్యే. కానీ అదే పత్రంలో ఇంకో సంగతి ఉంది. పెద్దవాళ్లు షార్ట్‌కట్‌లు బాగా వాడతారు, సులువుగా నడిపించగల వ్యూహాలు ఎంచుకుంటారు, అలా వేగంలో పోయినదాన్ని తెలివితో రాబట్టుకుంటారు. చాలాకాలంగా ఆడుతున్న ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఇరవైల్లో తుపాకీ గేముల వెంట పడ్డవాళ్లు నలభైల్లో నగరాలు కట్టే గేముల వైపు, కథల వైపు, నెమ్మదిగా ఆలోచించి అడుగేసే ఆటల వైపు జరుగుతారు. యుద్ధంలో చిక్కుకున్న సామాన్యుల బతుకు చూపించే "దిస్ వార్ ఆఫ్ మైన్" లాంటి గేమ్ (2014) పదిహేనేళ్లప్పుడు ఒకలా, సొంత ఇల్లూ పిల్లలూ ఉన్నప్పుడు ఇంకోలా గుచ్చుకుంటుంది. ఆకలితో ఉన్న పక్కింటివాళ్ల దగ్గర మందులు దొంగిలించాలా వద్దా అని అది అడుగుతుంది. జవాబు చెప్పడానికి జీవితంలో కొంత చూసి ఉండాలి.

జపాన్‌లో 1930లో పుట్టిన హమాకో మోరి, చుట్టూ పిల్లలు సరదాగా ఆడుకుంటుంటే తానెందుకు ఆడకూడదని 51వ ఏట మొదలుపెట్టింది. తొంభై ఏళ్ల వయసులో, 2020లో, గేముల వీడియోలు చేసే అందరిలోకీ పెద్దావిడగా గిన్నిస్ రికార్డులకెక్కింది. స్వీడన్‌లో అరవై దాటినవాళ్లు "సిల్వర్ స్నైపర్స్" పేరుతో 2017లో టీమ్ కట్టి "కౌంటర్ స్ట్రైక్" అనే తుపాకీ గేమ్ పోటీలకు వెళ్లారు. తయారీదార్లు కూడా కొంత కదిలారు. చేతులు సరిగా పట్టు చిక్కనివాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ 2018లో పెద్ద బటన్లున్న కంట్రోలర్ తెచ్చింది. అదే ఏడాది వచ్చిన "సెలెస్ట్" గేమ్‌లో, ఆట వేగాన్ని ఎవరి వీలును బట్టి వాళ్లు తగ్గించుకునే ఏర్పాటు పెట్టారు. అయినా తెర మీది అక్షరాలను పెద్దవి చేసుకునే వీలు లేని గేములు ఇంకా వస్తూనే ఉన్నాయి, 1985లో ఆ రోబోతో ఆడుకున్న పిల్లలకు చత్వారం వచ్చి చాలా ఏళ్లయినా.